చలికాలం వారాంతానికి వియన్నాలో పాత ఫ్రెండ్ ఇంటికి: టికెట్ బుకింగ్ నుంచి తిరుగు రైలు దాకా

కాలేజీ రోజుల ఫ్రెండ్ వియన్నాలో ఉంటాడు, మీరు మ్యూనిక్‌లోనో స్టుట్‌గార్ట్‌లోనో ఉంటారు, "వస్తా రా, వస్తా" అని ఏళ్ల తరబడి వాట్సాప్‌లో చెప్పుకుంటూనే ఉంటారు. ఈ చలికాలం వెళ్లిపోండి, వేసవి దాకా ఆగకండి. వేసవిలో వెళితే రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, తిరగడమే పనైపోతుంది, కూర్చుని మాట్లాడుకునేది ఏ భోజనం దగ్గరో అరగంట. అదే డిసెంబరు, జనవరిలో నాలుగు గంటలకల్లా చీకటి పడిపోతుంది. బయట చలి, లోపల వెచ్చగా కాఫీ హౌసులు, మ్యూజియంలు, ఇల్లు. తీరిగ్గా కబుర్లు చెప్పుకోవడానికి ఇంతకంటే అనువైన ఊరు నాకు తెలియదు. కింద రాసినదంతా ఒక్క లెక్క మీదే నడుస్తుంది: వెలుతురున్న ఎనిమిది గంటలు ఊరికి, మిగతాదంతా మనిషికి.

తేదీ ఎలా పెట్టుకోవాలి

వియన్నా చలికాలాన్ని మూడు ముక్కలుగా చూడండి. నవంబరు మధ్య నుంచి డిసెంబరు 26 దాకా క్రిస్మస్ మార్కెట్లు. వెలుగులు, జనం, హోటల్ ధరలు అన్నీ ఎక్కువే. డిసెంబరులో వెళ్లాలనుకుంటే మొదటి వారం మంచిది, ఇరవయ్యో తేదీ దగ్గరపడే కొద్దీ రాట్‌హౌస్ (సిటీ హాలు) ముందు నడవడానికి కూడా చోటుండదు. రెండోది క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా. 24న మధ్యాహ్నం రెండింటికల్లా షాపులు మూసేస్తారు, 25, 26, జనవరి 1, 6 సెలవులు, ఫ్రెండ్ ఇంట్లో ఉంటాడు కానీ ఊరు సగం నిద్రలో ఉంటుంది. మూడోది జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. నా ఓటు దీనికే. రైలు టికెట్లు దిగొస్తాయి, మ్యూజియంలలో బొమ్మ ముందు నిలబడటానికి చోటు దొరుకుతుంది, జనవరి చివర్లో రాట్‌హౌస్ ముందు ఐస్ స్కేటింగ్ రింక్ తెరుస్తారు, మార్చి మొదటి రోజుల దాకా ఉంటుంది. పిల్లలున్న ఫ్రెండ్ అయితే వాళ్ల స్కూలు సెలవులు ఎప్పుడో అడగండి. ఫిబ్రవరిలో వారం సెలవులొస్తాయి, అప్పుడు వాళ్లు మంచు కొండల వైపు వెళ్లిపోయే అవకాశం ఎక్కువ.

తేదీ అడిగేటప్పుడు "ఎప్పుడైనా ఓకేనా?" అని అడిగితే "ఎప్పుడైనా రా" అనే జవాబే వస్తుంది, మళ్లీ ఏడాది గడిచిపోతుంది. రెండు శుక్రవారాలు చెప్పి ఒకటి ఎంచుకోమనండి. "ఒరేయ్, జనవరి మూడో వారమా, నాలుగో వారమా, ఇవాళ రాత్రికల్లా చెప్పు, టికెట్ కొట్టేస్తా" అంటే పని అయిపోతుంది.

కాగితాలు

జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్ లేదా లాంగ్‌స్టే నేషనల్ వీసా ఉన్నవాళ్లకి ఆస్ట్రియా వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) తిరగొచ్చు. కానీ పాస్‌పోర్టు, కార్డు రెండూ చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫొటో చాలదు. కార్డు గడువు అయిపోయి రెన్యువల్ కాగితం మీద నడుస్తుంటే మాత్రం మీ ఊరి ఫారినర్స్ ఆఫీసులో అడిగి తేల్చుకున్నాకే టికెట్ కొనండి.

లండన్ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చేవాళ్లకి షెంగెన్ వీసా తప్పదు. బ్రిటన్‌లో ఉద్యోగం ఉన్నా సరే, భారత పాస్‌పోర్టు మీద వీసా కావాల్సిందే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, మామూలుగా 15 రోజులంటారు కానీ అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు టెన్షన్, అందుకే రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు. ఫ్రెండ్ ఇంట్లో ఉంటున్నామని చూపించడానికి అతని ఆహ్వాన పత్రం, అతని అడ్రస్ రిజిస్ట్రేషన్ కాగితం కాపీ తెప్పించుకోండి. ఖర్చులు కూడా అతనే భరిస్తానంటే అక్కడి పోలీస్ ఆఫీసులో హామీ ఇవ్వాల్సి ఉంటుంది, దానికి అతను ఒక పూట సెలవు పెట్టాలి, కాబట్టి మీ బ్యాంక్ స్టేట్‌మెంట్ బాగుంటే ఆ పని అతని మీద పెట్టకండి.

రైలు

మ్యూనిక్ నుంచి వియన్నాకి రైల్‌జెట్‌లో (ఆస్ట్రియా ఎక్స్‌ప్రెస్ రైలు) సుమారు నాలుగు గంటలు, సాల్జ్‌బుర్గ్, లింజ్ మీదుగా వెళుతుంది. ముందుగా కొంటే చవక, ఆఖరి వారంలో రెండు మూడు రెట్లు అవుతుంది. తెలుగు స్టూడెంట్లలో చాలామంది వాడే దారి ఇంకొకటుంది: డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్, రీజనల్ రైళ్లకి చెల్లే నెలవారీ పాస్) ఉంటే రీజనల్ రైల్లో సాల్జ్‌బుర్గ్ దాకా అదే చెల్లుతుంది, అక్కడి నుంచి వియన్నాకి ఓబీబీ (ఆస్ట్రియా ప్రభుత్వ రైల్వే) గానీ వెస్ట్‌బాన్ (ప్రైవేటు రైలు కంపెనీ) గానీ రెండున్నర గంటల్లోపు తీసుకెళుతుంది. టైం గంటా గంటన్నర ఎక్కువ పడుతుంది, డబ్బు బాగా మిగులుతుంది. సాల్జ్‌బుర్గ్‌లో మారడానికి కనీసం నలభై నిమిషాలు వదిలిపెట్టుకోండి, జర్మనీ వైపు నుంచి వచ్చే రైళ్ల ఆలస్యం తెలిసిందే. వారాంతాల్లో ట్రాక్ పనులు కూడా ఎక్కువ, బయలుదేరే ముందు రోజు ఒకసారి యాప్‌లో చూసుకోవాలి.

శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం రైళ్లకి సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించుకోండి. నాలుగు గంటలు డోర్ దగ్గర సూట్‌కేస్ మీద కూర్చుని వెళితే ఆ రాత్రి మాట్లాడే ఓపిక ఉండదు.

విమానంలో దిగేవాళ్లు ఎయిర్‌పోర్టు నుంచి హాప్ట్‌బాన్‌హోఫ్‌కి (మెయిన్ స్టేషన్) రైల్‌జెట్‌లో పావుగంటలో వచ్చేయొచ్చు, ఎస్7 లోకల్‌లో వీన్ మిట్టె స్టేషన్ దాకా రావచ్చు. క్యాట్ అనే ఎక్స్‌ప్రెస్ పదహారు నిమిషాల్లో తెస్తుంది కానీ ఆ ధరకి తగ్గ లాభం ఏమీ లేదు.

ఇంట్లో ఉండాలా, బయటా?

దీన్ని ముందే తేల్చుకోవాలి. ఒంటరిగా ఉండే ఫ్రెండ్ అయితే రెండో ఆలోచన లేదు, సోఫా చాలు. పెళ్లయి చంటిబిడ్డ ఉంటే దగ్గర్లో చిన్న పెన్షన్‌లో (ఇంటి తరహా చిన్న హోటల్) రూమ్ తీసుకుని, పొద్దున్న టిఫిన్ నుంచి రాత్రి దాకా వాళ్లింట్లో ఉండటం అందరికీ సుఖం. "ఏంట్రా హోటలేంటి, మా ఇల్లు లేదా" అని కోప్పడతాడు. వదినకో చెల్లెమ్మకో విడిగా ఒక మెసేజ్ పెట్టి అడిగితే అసలు సంగతి తెలుస్తుంది, ఇంటి పని ఎవరి మీద పడుతుందో వాళ్ల మాటకే విలువ ఇవ్వాలి.

ఇంట్లో ఉంటే కొన్ని గుర్తుంచుకోండి. వియన్నా పాత బిల్డింగుల్లో చెక్క నేల, అడుగుల చప్పుడు కిందింటికి వినిపిస్తుంది. రాత్రి పది తర్వాత నిశ్శబ్దం పాటించాలి, వాషింగ్ మెషీన్ కూడా వేయరు. అర్ధరాత్రి కబుర్లు వంటింట్లో తలుపు వేసుకుని చెప్పుకోండి. చలికి కిటికీలన్నీ మూసి ఉంటాయి కాబట్టి పోపు పెట్టే ముందు స్మోక్ అలారం ఎక్కడుందో చూసుకుని, వంట అయ్యాక ఐదు నిమిషాలు కిటికీలు బార్లా తెరిచి మూసేయాలి. ఓరగా తెరిచి గంటలకొద్దీ వదిలేస్తే ఇల్లు చల్లబడుతుంది, హీటింగ్ బిల్లు వాళ్లకి పెరుగుతుంది.

బ్యాగులో ఏం పెట్టాలి

జనవరిలో పగలు సున్నా డిగ్రీల చుట్టూ ఉంటుంది, కొన్ని రాత్రులు మైనస్ ఐదు, పది. కానీ వియన్నాలో అసలు ఇబ్బంది గాలి. డాన్యూబ్ వైపు నుంచి వీచినప్పుడు స్వెటర్లు ఎన్ని వేసినా ఆగదు, పైన గాలి చొరబడని జాకెట్ ఒకటి ఉండాలి. లోపల థర్మల్, దాని మీద పల్చటి ఉన్ని స్వెటర్, ఆపైన జాకెట్, చెవులు కప్పే టోపీ, గ్లవ్స్. లావు స్వెటర్ ఒక్కటి కంటే పల్చటివి రెండు మేలు, ఎందుకంటే మ్యూజియంలోకి, ట్రామ్‌లోకి, కాఫీ హౌస్‌లోకి వెళ్లిన ప్రతిసారీ విప్పాలి, బయటికొస్తే వేసుకోవాలి. బూట్లకి అడుగున పట్టు ఉండాలి. మంచు పడినప్పుడు పేవ్‌మెంట్ల మీద సన్నటి కంకర చల్లుతారు, నున్నటి అడుగున్న స్నీకర్లు దాని మీద జారతాయి. ఇంట్లోకి రాగానే బూట్లు విప్పేస్తారు కాబట్టి చిల్లుల్లేని ఉన్ని సాక్సులు రెండు జతలు వేసుకోండి.

ఒక పారాసిటమాల్ స్ట్రిప్, దగ్గు మందు కూడా. ఆస్ట్రియాలో సూపర్ మార్కెట్లో మందులు అమ్మరు, ఫార్మసీలు ఆదివారం మూసి ఉంటాయి, డ్యూటీలో ఉన్న ఒక్కదాన్ని వెతుక్కుంటూ వెళ్లాలి.

ఇక ఫ్రెండ్ కోసం. రైల్లో వెళ్లేవాళ్లకి ఏ బాధా లేదు, ఆవకాయ, గోంగూర, కందిపొడి ఎంతైనా తీసుకెళ్లొచ్చు, సీసా మూతకి పాలిథిన్ కాగితం బిగించి, నిలువుగా పెట్టాలి, అంతే. విమానమైతే పచ్చడిని ద్రవం కిందే లెక్కేస్తారు, హ్యాండ్ బ్యాగేజీలో 100 మిల్లీలీటర్లు దాటితే చాలా చోట్ల తీసేస్తారు, చెక్-ఇన్‌లో వేయండి. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లు నెయ్యి, పన్నీరు, చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి లాంటివి పెట్టుకోకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. రొయ్యలకి రూల్ వేరే ఉన్నా కస్టమ్స్ దగ్గర వాదించుకునే పని ఎందుకు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. పూతరేకుల్లో నెయ్యి ఉంటుంది కదా అని అడుగుతారు, నేనైతే తీసుకెళ్లను. కారప్పొడులు, చేగోడీలు, నువ్వుండలు చాలు, వాటికే కళ్లు మెరుస్తాయి.

శుక్రవారం రాత్రి

స్టేషన్‌కి రమ్మని ఫ్రెండ్‌ని లాగకండి. హాప్ట్‌బాన్‌హోఫ్ కింద యూ1 మెట్రో ఉంది, వెస్ట్‌బాన్‌హోఫ్‌లో దిగితే యూ3, యూ6. మెట్రోలో గేట్లు ఉండవు, టికెట్ తీసి నీలం పెట్టెలో స్టాంప్ కొట్టుకోవాలి, యాప్‌లో కొంటే అది కూడా అక్కర్లేదు. మామూలు దుస్తుల్లో ఉన్న ఇన్‌స్పెక్టర్లు ఎక్కుతారు, టికెట్ లేకపోతే జరిమానా వంద యూరోలు దాటుతుంది. శుక్ర, శనివారం రాత్రుళ్లు మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది కాబట్టి రైలు ఆలస్యమైనా ట్యాక్సీ కంగారు లేదు.

ఆ రాత్రి ఊరు చూసే ప్రోగ్రాం పెట్టకండి. చారు, అన్నం, తెచ్చిన పచ్చడి. మొదటి గంట ఉద్యోగం, వీసా, అద్దె కబుర్లతో గడుస్తుంది, అసలు మాటలు ఆ తర్వాత మొదలవుతాయి, అప్పుడు రేపు పొద్దున్నే లేవాలన్న హడావిడి ఉండకూడదు. చలికాలం సూర్యోదయమే ఏడున్నర దాటాక.

శనివారం: ఒక మ్యూజియం, ఒక నడక

పదింటికి కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం తలుపులు తెరిచేసరికి అక్కడుండండి. 1891లో తెరిచిన భవనం, అందులో అన్నీ చూడాలంటే వారాంతం చాలదు, చూడకండి. కోట్లు కింద అప్పజెప్పి నేరుగా పై అంతస్తులో బ్రూగెల్ గదికి వెళ్లండి. పీటర్ బ్రూగెల్ బొమ్మలు ప్రపంచంలో ఇన్ని ఒకే చోట ఇంకెక్కడా లేవు. అక్కడ 1565లో వేసిన మంచులో వేటగాళ్ల బొమ్మ ముందు ఇద్దరూ కాసేపు నిలబడండి. ఎడమ వైపు ముగ్గురు వేటగాళ్లు వీపు మనవైపు పెట్టి కొండ దిగుతున్నారు, వెనకాల కుక్కలు తలలు వేలాడేసుకుని నడుస్తున్నాయి. అంత పెద్ద గుంపుకీ దొరికింది ఒకే ఒక్క బక్క నక్క, ఒకడి బల్లెం మీద వేలాడుతోంది. పక్కనున్న సత్రం బోర్డు ఒక కొక్కెం ఊడి ఓరగా ఉంది. కింద గడ్డకట్టిన చెరువుల మీద చిన్న చిన్న మనుషులు జారుతున్నారు, ఒకరు పడిపోయారు, వంతెన మీద ఒకామె కట్టెల మోపు మోసుకెళుతోంది. బయట ఉన్న చలి ఏంటో ఆ బొమ్మ చూశాక ఇంకా బాగా అర్థమవుతుంది, అందుకే దీన్ని చలికాలంలోనే చూడమంటాను.

ఫ్రెండ్‌కి పిల్లలుంటే ఎదురుగానే నేచురల్ హిస్టరీ మ్యూజియం. డైనోసార్లు వాళ్లకి, 1908లో దొరికిన విల్లెన్‌డోర్ఫ్ వీనస్ పెద్దవాళ్లకి, పదకొండు సెంటీమీటర్ల రాతి బొమ్మ. రెండు మ్యూజియంలలోనూ పంతొమ్మిదేళ్ల లోపు వాళ్లకి ప్రవేశం ఉచితం.

మధ్యాహ్నం రెండు తర్వాత రింగ్ రోడ్డు మీద నడవండి. పాత కోట గోడలు కూల్చమని ఫ్రాంజ్ యోసెఫ్ చక్రవర్తి 1857లో ఆజ్ఞ ఇస్తే, ఆ జాగాలోనే ఈ రోడ్డు, పార్లమెంటు, ఆపెరా, యూనివర్సిటీ లేచాయి. చలి ఎక్కువైతే ట్రామ్ ఎక్కి కిటికీలోంచి చూడండి, 1, 2, డి నంబర్లు తలా కొంత దూరం రింగ్ మీదే వెళతాయి.

డిసెంబరులో వెళితే చీకటి పడ్డాక ఒక మార్కెట్ చాలు. రాట్‌హౌస్ ముందున్నది పెద్దది, కిక్కిరిసి ఉంటుంది. స్పిట్టెల్‌బెర్గ్ సందుల్లో ఉన్నదే మాట్లాడుకుంటూ నడవడానికి బాగుంటుంది. పున్ష్ (మసాలా దినుసులు వేసిన వేడి మందు) కప్పుకి డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే డబ్బు వెనక్కి వస్తుంది, కప్పు నచ్చితే ఉంచేసుకోవచ్చు. మందు వద్దనుకుంటే పిల్లల పున్ష్ అడగండి, అది కూడా వేడివేడిగా లవంగం, దాల్చినచెక్క వాసనతో ఉంటుంది.

ఒక ముఖ్యమైన పని: శనివారం సాయంత్రం ఆరింటికి సూపర్ మార్కెట్లు మూసేస్తారు, ఆదివారం తెరవరు. పాలు, పెరుగు, కూరలు ఐదింటిలోపే కొనేయాలి. మర్చిపోతే హాప్ట్‌బాన్‌హోఫ్, ప్రాటర్‌స్టెర్న్ లాంటి పెద్ద స్టేషన్లలో ఉన్న షాపులే దిక్కు, అక్కడ క్యూ చాలా పొడుగు. ఆ బిల్లు మీరు కట్టండి. ఫ్రెండ్ అడ్డుపడతాడు, ముందే కార్డు చేతిలో పట్టుకుని ఉండాలి.

కాఫీ హౌస్

ఈ ప్రయాణంలో నేను అన్నిటికంటే ఎక్కువ టైం కేటాయించమనేది దీనికే. వియన్నా కాఫీ హౌస్ సంస్కృతిని 2011లో ఆస్ట్రియా తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. పద్ధతి ఇదీ: మీరే టేబుల్ చూసుకుని కూర్చుంటారు, కోటు స్టాండ్‌కి తగిలిస్తారు, ఒక మెలాంజ్ (పాల నురగ వేసిన కాఫీ) చెబుతారు. చిన్న వెండి రంగు ట్రే మీద కప్పు వస్తుంది, పక్కన గ్లాసు నీళ్లు, గ్లాసు మీద బోర్లించిన చెంచా. ఆ నీళ్లు కుళాయివే, ఆల్ప్స్ ఊటల నుంచి గొట్టాల్లో వస్తాయి, మొదటి గొట్టం లైను 1873లో మొదలైంది, ఊళ్లో సీసా నీళ్లు కొనే అవసరమే లేదు. ఇక ఆ ఒక్క కప్పుతో రెండు గంటలు కూర్చున్నా మిమ్మల్ని ఎవరూ లేపరు. మీరు అడిగేదాకా బిల్లు తేరు. అంత సేపు కూర్చోనిచ్చే చోటు దొరికితే పదేళ్ల కబుర్లైనా సరిపోతాయి.

కఫే సెంట్రల్ ముందు చలిలో క్యూ కట్టకండి. 1876 నాటిది, లోపల అందంగా ఉంటుంది, కానీ మనం ఎప్పుడు లేస్తామా అని జనం చూస్తూ వెనకాల నిలబడి ఉంటే మాట్లాడబుద్ధి కాదు. గుంపెన్‌డోర్ఫర్ వీధిలో 1880 నాటి కఫే స్పెర్ల్‌కి వెళ్లండి, పాత బిలియర్డ్స్ బల్లలు, కిటికీ పక్క సోఫాలు. రాత్రి ఎనిమిది దాటాక అయితే కఫే హావెల్కా, అప్పుడే పొయ్యి నుంచి తీసిన ప్లమ్ జామ్ బన్నులు పెడతారు. డబ్బు ఇచ్చేటప్పుడు టిప్పు కలిపి మొత్తం ఎంత తీసుకోవాలో నోటితో చెప్పాలి, పది శాతం దగ్గరికి రౌండ్ చేస్తే మర్యాదగా ఉంటుంది.

ఆపెరా సంగతి అడుగుతారు. స్టేట్ ఆపెరాలో నిలబడి చూసే టికెట్లు చాలా చవక, కడ్డీకి మఫ్లర్ కట్టి మన చోటు గుర్తు పెట్టుకోవడం అక్కడి అలవాటు. కానీ మూడు గంటలు నోరు మూసుకుని నిలబడాలి. ఇద్దరికీ సంగీతం మీద నిజంగా ఇష్టం ఉంటే తప్ప ఈ ప్రయాణంలో వద్దు.

శాకాహారులకి

సూపుల దగ్గర జాగ్రత్త. చీలికల్లా తరిగిన పాన్‌కేక్ వేసిన సూప్ చూడటానికి శాకాహారంలా ఉంటుంది, లోపలిది గొడ్డు మాంసం రసం. చీజ్ వడలాంటిది వేసి ఇచ్చే సూప్ కూడా చాలా చోట్ల అంతే. చీజ్ వేసిన స్పెట్జ్‌లె (చిన్న పిండి నూడుల్స్), పాలకూర క్నోడెల్ (ఉడికించిన ఉండలు), స్ట్రూడెల్ (పల్చటి పిండి పొరల్లో చుట్టిన వంటకం) చూసుకోవచ్చు, క్నోడెల్‌లో బేకన్ లేదని అడిగి తెలుసుకోండి. స్పెట్జ్‌లెలో, కైజర్‌ష్మార్న్‌లో (ముక్కలు చేసిన తియ్యటి పాన్‌కేక్) గుడ్డు ఉంటుంది, గుడ్డు తినేవాళ్లు మాత్రం కైజర్‌ష్మార్న్ వదలొద్దు, ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. వీధి మొగల్లో కాల్చిన చెస్ట్‌నట్లు పొట్లం కట్టి ఇస్తారు, జేబులో పెట్టుకుంటే చేతులు కూడా వెచ్చగా ఉంటాయి.

ఆదివారం, తిరుగు రైలు

ఆలస్యంగా లేచి, ఉప్మానో దోసెలో వేసుకుని, యూ4 మెట్రో ఎక్కి షోన్‌బ్రున్ కోటకి వెళ్లండి. టికెట్ కొని కోట లోపలికి వెళ్లక్కర్లేదు, వెనకాల తోట చాలు, అది ఉచితం. 1775లో కట్టిన గ్లోరియెట్ మండపం దాకా ఇరవై నిమిషాల ఎక్కుడు, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. ఒళ్లు వేడెక్కుతుంది, ముందురోజు రాత్రి సగంలో ఆగిన మాట ఏదైనా ఉంటే ఈ నడకలో పూర్తవుతుంది. హాల్‌స్టాట్ (సరస్సు పక్క ఊరు), బ్రాటిస్లావా (స్లొవేకియా రాజధాని) చూసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. హాల్‌స్టాట్‌కి ఒక వైపే మూడు గంటలు దాటుతుంది. బ్రాటిస్లావా గంటే, కానీ ఉన్న ఆదివారం కాస్తా ప్లాట్‌ఫాంల మీద పోతుంది.

ఇంటికొచ్చి భోజనం చేసి, గిన్నెలు కడిగి, పక్క దుప్పట్లు మడతపెట్టి, సాయంత్రం నాలుగు, ఐదింటి రైలు ఎక్కండి. చివరి రైలు దాకా లాగొద్దు, దారిలో ఎక్కడ ఆలస్యమైనా సోమవారం ఆఫీసు మీద పడుతుంది, ఫ్రెండ్‌కి కూడా సోమవారం ఉంది. ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీదే మళ్లీ ఎవరు ఎవరి ఊరు రావాలో, ఏ నెలలోనో మాట్లాడేసుకోండి, అప్పుడైతే ఇద్దరూ కాదనరు.

జర్మనీ 2015 నుంచి ఆస్ట్రియా సరిహద్దులో చెకింగ్ చేస్తోంది, వచ్చేటప్పుడు ఏమీ లేదు కదా అని ఈసారి ఏమరుపాటుగా ఉండకండి. ఫ్రైలాసింగ్ దగ్గరో పాసావ్ దగ్గరో పోలీసులు పెట్టెలోకి ఎక్కి అడుగుతారు, ఒక్కోసారి రైలు అరగంట అక్కడే ఆగిపోతుంది. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని పడుకోండి, నిద్రలో లేచి పైన ఉన్న బ్యాగంతా కిందికి దింపి వెతుక్కునే పని ఉండదు.